చెవి గాటు

పోయిన వారం దుర్గాంబను ప్రెస్సు గుమ్మంలో నిలబెట్టి మనదారిన మనం వెళ్లిపోయాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. చేతిలో తాజా సంచిక, ఎదురుగా అంకాలమ్మ, నెత్తిన మార్కాపురం ఎండ. ఆ అంకాలమ్మ ఎవరో, ఎందుకొచ్చిందో మరిచిపోయినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి వేసవి అది. దోర్నాల పైన అడవి తగలబడింది. మంటలారాక, పచ్చగడ్డి మొలుస్తుందన్న ఆశతో గొర్రెల కాపరులే నిప్పు పెట్టారని కొందరి మీద కేసులు పెట్టారు. కాదు, దొంగతనంగా నరికిన చెట్ల మొదళ్లు కనపడకుండా కలప కంట్రాక్టరు మనుషులే పెట్టారు, నేను కళ్లారా చూశాను అని గురుస్వామి అనే కాపరి దుర్గాంబకు చెప్పాడు. ఆమె 'కొండగాలి' వారపత్రిక సంపాదకురాలు. నీ పేరు బయటికి పొక్కనివ్వను అని మాటిచ్చింది. ఇచ్చిన మాట ప్రకారం అతని పేరు రాయలేదు, ఊరు మార్చింది, వయసు మార్చింది, చివరికి అతని గొంగడి రంగు కూడా మార్చింది. అయినా పత్రిక బజారున పడగానే గురుస్వామిని వెతుక్కుంటూ కంట్రాక్టరు మనుషులు వచ్చారు. అతను మందను వదిలి ఎటో పారిపోయాడు. ఎట్లా తెలిసిందిరా దేవుడా అని దుర్గాంబ తల పట్టుకుని ఉంటే, అతని భార్య అంకాలమ్మ ప్రెస్సుకు నడిచొచ్చింది. అక్షరం ముక్క రాని ఆ మనిషి మొదటి పేజీలోని బొమ్మ మీద వేలు పెట్టి, "ఇది మా గొర్రె" అంది.

"మీ గొర్రేంది అక్కా? గొర్రెలన్నీ ఒకటే మాదిరి ఉంటాయి గదా?" అంది దుర్గాంబ.

అంకాలమ్మ ఆమెను జాలిగా చూసింది. అంత చదువుకున్న మనిషి ఇంత చిన్న విషయం అడుగుతుందని ఆమె అనుకోలేదు.

"చెవులు చూడమ్మా. కుడిచెవికి కొన లేదు. ఎడమచెవికి కింద గాటు. మా మామోళ్ల తాత కాలం నుంచి మా మందకు ఇదే గుర్తు. అడివిలో జీవం తప్పిపోయిందనుకో, ఎవురికి దొరికినా చెవి చూసి మా దొడ్డికే తోలకొచ్చి ఇడిసిపెడతారు. ఒకరి గాటు ఇంకొకరు పెట్టుకోరు. పెడితే తలకాయలు పగుల్తాయి. మీకు పేరు కాయితం మీద ఉంటది, మాకు చెవి మీద ఉంటది."

దుర్గాంబ బొమ్మ వంక చూసింది. వర్తకుల ఇంట పుట్టి పెరిగిన మనిషి. గొర్రెలు వీధిలో పోతుంటే దుమ్ముకు కొంగు అడ్డం పెట్టుకోవడమే తప్ప వాటి చెవులు ఎప్పుడు చూసింది గనక? కాలిపోయిన చెట్ల మధ్య నిలబడ్డ ఒంటరి గొర్రె. ఎంత బాగుందో అని ప్రూఫు చూసినప్పుడు తనే మురిసిపోయింది. కథనమంతా జల్లెడ పట్టి మనిషి ఆనవాలు లేకుండా చేసింది, మొదటి పేజీలో మాత్రం అతని ఇంటిపేరు ఇంత పెద్దదిగా అచ్చేసింది.

"వాళ్లు ఈ పేపరు చేతబట్టుకొనే వచ్చినారమ్మా," అంది అంకాలమ్మ. "మంద మధ్యలోకి వచ్చి ఒక్కొక్క జీవాన్ని చెవి పట్టుకొని చూసినారు. చూసి, కాయితం చూసి, మళ్లీ చెవి చూసినారు. నేను దొడ్డి మూల నిలబడి ఉన్నా. మా ఆయన అవతల వంకలో నీళ్లు తాగుతా చూసినాడు. చూసి అట్లనే పోయినాడు. గొంగడి గూడా తీసుకోలా. ఇప్పుడు యాడున్నాడో నాకొక్కదానికే తెలుసు. నీకు చెప్తా. మా ఆయన..."

"వద్దు!" దుర్గాంబ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు చెప్పొద్దు అక్కా. ఎవరికీ చెప్పొద్దు. నాకు తెలియకపోతే నా నోటి నుంచి రాదు."

లోపల అచ్చు అక్షరాల గళ్లపెట్టెల దగ్గర ఏదో కింద పడిన చప్పుడైంది. సీమోను బయటికి వచ్చాడు. అక్షరాలు కూర్చేదీ, బొమ్మల బ్లాకులు చెక్కేదీ ఆ ప్రెస్సులో అతనొక్కడే. మంద దగ్గరికి పోయి గీసుకొచ్చింది కూడా అతనే. నిన్నటి దాకా ఆ బొమ్మను చూసి మెచ్చుకున్నవాళ్లకు లెక్కలేదు. ఇప్పుడు అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, ప్రభువు సాక్షిగా నాకు తెలీదు. కనబడింది కనబడినట్టు గీసినా. గురుస్వామి పేరు నా భార్యకు గూడా చెప్పలా. ప్రూఫు తీసినాక ఆ గాటు కాడ బ్లాకు విరిగినట్టు పడింది. అందం చెడిందని ఇంకోటి మామూలు చెవులతో చెక్కుదామనుకున్నా. చెక్క గూడా తీసి పెట్టుకున్నా. అంతలోకి పెద్దయ్య వచ్చినాడు."

"ఎవరు? బాబాయా?"

"ఆయనే. ప్రూఫు చేతిలోకి తీసుకున్నాడు. ఇట్ల గోరు పెట్టి చూసినాడు. 'కుడి కొన, ఎడమ కింద గాటు' అని తనలో తాను అనుకొని నవ్వినాడు. 'ఇంకోటి ఎందుకు సీమోనూ, ఉన్నది ఉన్నట్టు పడనీ' అన్నాడు. నా పనితనం మెచ్చుకున్నాడని నేను సంబరపడినా."

దుర్గాంబ బాబాయ్ అని పిలిచే రంగనాయకులు ఈ ప్రెస్సుకూ పత్రికకూ డబ్బు పెట్టే యజమాని. ఆయన చిన్నప్పటి సంగతులు ఆమెకు కంఠతా వచ్చు. ఆయన నాయన ఉన్ని వ్యాపారి. బొచ్చు కత్తిరించే కాలంలో కొడుకును వెంటేసుకుని మందమందకూ తిరిగేవాడు. ఆ కబుర్లు ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు, ఆమె నవ్వుతూ విన్నది. నమ్మి చెడినవాడు లేడు, నమ్మక చెడిపోతే చెడాలి అంటారు. ఆ సామెత కట్టినవాడు మార్కాపురం వచ్చి రంగనాయకుల దగ్గర ఒక్క ఏడాది పనిచేసి ఉంటే ఏ కట్టెలమోపో కట్టుకుని బతికేవాడు గాని సామెతలు కట్టేవాడు కాదు.

ఇతరుల సంగతి ఏమోగాని, దుర్గాంబ ఆయన్ను నమ్మడంలో ఆశ్చర్యం లేదు. తండ్రి పోయిననాడు దినాల ఖర్చంతా ఆయనే పెట్టుకున్నాడు. ఆడపిల్లకు పత్రికేంది అని ఊరంతా బుగ్గలు నొక్కుకుంటే, నా కూతురైతే మానిపిస్తానా అని నిలబడ్డాడు. ఆమె భర్త నాగేశ్వర్లుకు తన పలకల గోదాములో గుమాస్తా పని ఇచ్చాడు. అందుకే ఆమె పత్రిక కోసం ఒళ్లు గుల్ల చేసుకుంది. రాసేదీ ఆమే, దిద్దేదీ ఆమే, జ్వరంతో మూలుగుతూ కట్టలు కట్టించి కురిచేడు రైలుకు పంపిందీ ఆమే. బాబాయ్ అని ఊరికే పిలవలేదు, మనసారా పిలిచింది.

"అక్కా, నువ్వు మా ఇంటికి పో," అంది అంకాలమ్మతో. "మా ఆయన అన్నానికి వచ్చుంటాడు. నేను పంపినానని చెప్పు. కడుపు నిండా తిని, నేను వచ్చేదాకా గడప దాటొద్దు."

అంకాలమ్మ తల ఊపి నడిచిపోయింది. ఆమె మలుపు తిరిగేదాకా చూసి దుర్గాంబ రంగనాయకుల గదివైపు నడిచింది.

ఆ గదికి పోవాలంటే చట్రాల కొట్టం దాటాలి. గని నుంచి వచ్చిన బండను పలకలుగా చీల్చి, నున్నగా చేసి, చుట్టూ చెక్క చట్రం బిగించే చోటు. ఏళ్ల తరబడి ఆ కొట్టంలోంచే నడుస్తోంది. రాతి దుమ్ముకు ముక్కు మూసుకుని చకచకా దాటేసేది. ఇవాళ మాత్రం ఆగింది. గోడ పొడుగునా పేర్చిన దుంగలు. కొన్నిటి కోసిన మొహాలు ఇంకా పచ్చిగా, తడి వాసనేస్తున్నాయి. కొన్నిటి బెరడు ఒకవైపు నల్లగా మాడి ఉంది. ఆ నలుపు మీద ఆమె చెయ్యి పెట్టి చూసుకుంది. అరచేతికి మసి అంటింది. తగలబడ్డ అడవి కలప బాబాయి కొట్టానికే చేరుతోందని తెలిసి అప్పుడు పట్టుకుంది భయం. వెనక్కి తిరిగి పరుగెత్తి పోవాలనిపించింది. పోకుండా ఉండటానికి ఆమె ధైర్యం కంటే కోపమే ఎక్కువ పనికొచ్చింది.

రంగనాయకులు కుర్చీలో కూర్చుని పలకల నాణ్యం చూస్తున్నాడు. తెల్లటి పంచె, నున్నగా దువ్విన తల. ఆయన గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్లు ఆ ఊళ్లో లేరు.

"రా అమ్మాయ్. ఎండన పడి వచ్చినావే. శుక్రవారం సంచిక ఎంతవరకు వచ్చింది?"

"బాబాయ్, మీకు గొర్రె చెవి చదవడం వచ్చు గదా?"

రంగనాయకులు చేతిలోని పలకను వేలి కణుపుతో తట్టాడు. ఖంగుమని మోగింది. మంచి పలకే. దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తీసుకున్నాడు.

"వచ్చు. ఓనమాల కంటే ముందు అవే నేర్చుకున్నా. దోర్నాల నుంచి గిద్దలూరు దాకా ఏ మంద గాటైనా చెప్తా. ఎందుకు?"

ఆయన అబద్ధం చెబుతాడని దుర్గాంబ అనుకుంది. దారి పొడుగునా ఆ అబద్ధానికి ఎదురు జవాబులు కూడబలుక్కుంటూ వచ్చింది. తేలు కుట్టిన దొంగలా నీళ్లు నములుతాడు, నాకేం తెలుసమ్మాయ్ అంటాడు, అప్పుడు సీమోను మాట ముందు పెట్టాలి అనుకుంది. ఆయన మాత్రం దాచే ప్రయత్నమే చెయ్యలేదు. దాచాల్సినంత మనిషిగా ఆయన తనను లెక్కపెట్టడం లేదని ఆమెకు అర్థమైంది.

"గురుస్వామి అని తెలిసి... తెలిసే వేయనిచ్చినారా? ఇష్టం లేకుంటే ఆపొచ్చు గదా?"

"ఆపితే నువ్వు ఊరుకుంటావా? కర్నూలుకో బెజవాడకో పంపేదానివి. నిన్ను నేను ఎరగనా? ఆడ అచ్చయితే నా చేతిలో ఏముంటది? నా పేపర్లో పడితే నా పెరట్లో పడినట్టు."

"ఆ గాటు చూసే గదా వాళ్లు గురుస్వామి కోసం పోయింది?"

"కాదమ్మాయ్. వాళ్లకు ప్రూఫు చూసిననాడే నేను కబురు పెట్టినా, అచ్చయినాక పేపరు చేతబట్టుకొనే పోండని." తన పొలానికి నీళ్లు పెట్టిన సంగతి చెబుతున్నంత మామూలుగా చెప్పాడు. "గాటు అచ్చయింది మిగతా మందలోళ్ల కోసం. నోరు తెరిస్తే ఏమైతదో ప్రతి కాపరికీ తెలియాల. నువ్వు రాసింది వాళ్లు చదవలేరు. చెవి మాత్రం చదువుతారు."

దుర్గాంబ ఎదురు కుర్చీ పట్టుకుంది. కూర్చోలేదు, కూర్చుంటే మళ్లీ లేవలేనేమో అనిపించింది. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్లని విన్నది గాని, ఆ గుడ్డను తనే రోజూ ఉతికి ఆరేసి మడతపెట్టి ఆయన చేతికి ఇస్తున్నానని ఇప్పుడే తెలుసుకుంది.

"ఎందుకు బాబాయ్? మీకేం తక్కువని?"

"ఊరూరా బడులు పెడతా ఉన్నారు. ప్రతి పిల్లకాయకూ పలక కావాల. బండ మన గనిలో వస్తది. చట్రం ఆకాశం నుంచి ఊడిపడతదా? నీ మొగుడి జీతం, నీ పేపరు, ఆ సీమోను కూడు, అంతా ఆ చట్రంలోదే. ఇన్నాళ్లు తిన్నప్పుడు అడగలేదే?"

ఆ మాట ఆమెకు తగిలింది. అడగలేదు, నిజమే. ఆమె తల దించుకోవడం చూసి రంగనాయకులు గొంతు ఇంకా మెత్తబడింది.

"ఆ గొల్లామె వచ్చిందంట గదా? అంకాలమ్మ. ఇప్పుడే ఎవరో చెప్పినారు."

"వచ్చింది."

"ఎంత దూరం నడిచొచ్చిందో పాపం. అన్నం పెట్టినావా?"

"పెట్టకుండా ఎట్ల పంపుతా బాబాయ్? మా ఇంట్లోనే తింటా ఉంది."

అన్నం పెట్టినావా అని అడిగితే లేదు అని అనగలిగే ఆడమనిషి మన వైపు ఇంకా పుట్టలేదు. ఎంత కోపంలో ఉన్నా, ఎంత భయంలో ఉన్నా ఆ ప్రశ్నకు జవాబు దానంతటదే వచ్చేస్తుంది. దుర్గాంబకు తను ఏదో చెప్పానన్న ఆలోచనే రాలేదు.

"మంచి పని చేసినావు," అంటూ రంగనాయకులు లేచాడు. "నీ మొహం చూడు ఎట్ల వాడిందో. ఉండు, సోడా తెప్పిస్తా." వసారాలోకి పోయి డ్రైవరును పిలిచి ఏదో చెప్పాడు. బయట జీపు కదిలిన చప్పుడు వినిపించింది. ఆయన తిరిగొచ్చి తీరిగ్గా కూర్చుని ఉత్తరీయంతో మెడ తుడుచుకున్నాడు.

"గురుస్వామి యాడున్నాడు?"

ఇదీ దుర్గాంబ ఎదురుచూసిన ప్రశ్న. "నాకు తెలియదు."

"తెలిసినా చెప్పవు."

"ప్రాణం పోయినా చెప్పను."

"సరే, చెప్పొద్దులే," అన్నాడాయన. రెండోసారి అడగనైనా లేదు. తన మొండితనం చూసి వెనక్కి తగ్గాడనుకుంది దుర్గాంబ. లోలోపల కాస్త గర్వపడింది కూడా.

ఆ తర్వాత ఆయన చాలాసేపు మాట్లాడాడు. ఆమె నాయన గురించి మాట్లాడాడు. పత్రిక మొదలుపెట్టిన రోజు సంగతి చెప్పాడు. ఆమె రాసిన సంపాదకీయాల్లో తనకు నచ్చినవి గుర్తుచేశాడు, ఒక్కటి కూడా తప్పుపోలేదు. అదంతా వింటుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఇంత చదివి, ఇంత మెచ్చుకుని, ఈ మనిషి ఇదంతా ఎట్లా చేయగలిగాడు? సోడా మాత్రం రాలేదు.

చివరికి అసలు మాట బయటపెట్టాడు. "వచ్చే సంచికలో నాలుగు మాటలు రాయి. ఆ కాపరి చెప్పింది అబద్ధమని తేలింది, అచ్చు వేసినందుకు విచారిస్తున్నాం అని. నీ పేరుతో రాయి. అంతే. గురుస్వామి మంద గురుస్వామి మేపుకుంటాడు."

"నా చేత్తో రాయను."

"ఎందుకని?"

"వాడు చెప్పింది నిజం గనక. ఇప్పుడే దుంగల మీద చెయ్యి పెట్టి చూసి వచ్చినా." మసి అంటిన అరచెయ్యి ఆయన ముందు పెట్టింది. "నేను మానేస్తున్నా బాబాయ్. ఈ పేపర్లో ఇంక ఒక్క అక్షరం రాయను."

రంగనాయకులు మళ్లీ ఒక పలక అందుకున్నాడు.

"మానేసి ఏం చేస్తావు? నాగేశ్వర్లుకు ఈ ఊళ్లో ఇంకెవరు పని ఇస్తారు? పేపరు మీద నీ పేరుంది. నా పేరు యాడన్నా ఉందేమో చూసుకో. రేపు కంట్రాక్టరు కోర్టుకు పోతే బోనెక్కేది నువ్వు." ఆయన కొంచెం ముందుకు వంగాడు. "ఇంకో మాట విను. ఈ కాపరులున్నారే, వాళ్లు నన్ను చూస్తే మందను పక్క దారిన తోలకపోతారు. నీతో మాత్రం కడుపులోది కక్కుతారు. దుర్గమ్మ అంటే చాలు. ఆ పేరు విలువ నీకు తెలీదు అమ్మాయ్. నాకు తెలుసు."

ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వాడు. దుర్గాంబ ఆ నవ్వు వైపు చూడలేక బయటికి వచ్చేసింది. నమస్కారం కూడా పెట్టలేదు. ఆయన్ను చూసి నమస్కారం పెట్టకుండా ఆ గది దాటడం ఆమెకు అదే మొదలు.

కొట్టం దాటేసరికి ఆమె జాకెట్టు చెమటతో తడిసి వీపుకు అంటుకుపోయింది. భయం తగ్గలేదు. ఇంటి అద్దె, భర్త పని, కోర్టు బోను ఒకదాని వెనక ఒకటి కళ్ల ముందు తిరుగుతున్నాయి. కానీ వాటన్నిటి కింద ఒక చిన్న ఊరట ఉంది. చెప్పలేదు. ఆ మనిషి అడిగినా గురుస్వామి జాడ చెప్పలేదు. ఇంటికి పోయి అంకాలమ్మను కర్నూలు బస్సు ఎక్కించాలి, కోర్టులో చెప్పించాలి అనుకుంటూ ప్రెస్సులోకి నడిచింది.

"సీమోనూ, చివరి పేజీ అక్షరాల ఫారం తియ్యి."

ప్రెస్సుల్లో పనిచేసినవాళ్లకు తెలుస్తుంది. వారం వారం మారే మాటలను అచ్చు కాగానే ఊడదీస్తారు. మారనివాటిని ముడేసి అట్లాగే ఉంచుతారు. పత్రిక పేరు, ప్రెస్సు చిరునామా, అడుగున 'సంపాదకురాలు: దుర్గాంబ' అన్న ఒక్క వరుస. పత్రిక పుట్టినప్పటి నుంచి ఆ వరుసను ఎవరూ విప్పలేదు. సిరా పేరుకుని నల్లటి చెక్కు కట్టింది.

"మానేస్తున్నావా అమ్మా?" అన్నాడు సీమోను.

"నా పేరు ఇక్కడ ఉండగూడదు."

అతను బిగింపు వదులు చేశాడు. దుర్గాంబ గోళ్లతో ఆ వరుసను పైకి లాగింది. సీసపు అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని రానంటున్నాయి. కిరసనాయిలుతో తుడిచి, ఒక్కొక్కటీ విడదీసి, దేని గడిలో దాన్ని వేసింది. సీమోను సాయం రాబోతే వద్దంది. తొందరపడలేదు కూడా. పేరు పూర్తిగా విడిపోయాక ఖాళీ అయిన ఆ చోటు చూసి ఊపిరి పీల్చుకుంది. ఎంత భయంలో ఉన్నా ఆ ఒక్క క్షణం ఆమెకు హాయిగా అనిపించింది. ఆ హాయిని మనం తప్పుపట్టొద్దు, దాని కోసం ఎంతసేపు పోగొట్టుకుందో ఆమెకు ఇంకా తెలియదు.

ఇంటి వీధి మలుపు తిరిగేసరికి నాగేశ్వర్లు అరుగు మీద నిలబడి ఉన్నాడు. భార్యను చూసి అతని మొహం వింతగా మారింది.

"నువ్వేంది, నడిచొస్తున్నావు?" అన్నాడు.

"నడవక? అంకాలక్క తినిందా?"

"తినింది... కాదు, సగం తినింది. నువ్వు ముందే దోర్నాల పోయినావని గదా జీపాయన చెప్పింది?"

దుర్గాంబ అతన్ని తోసుకుని లోపలికి పోయింది. వంటింట్లో పీట వేసి ఉంది. పీట ముందు విస్తరి. విస్తట్లో పప్పు కలిపిన అన్నం, పక్కన ముద్దగా చేసి నోట పెట్టుకోకుండానే వదిలేసిన కబళం. చెంబులో నీళ్లు అట్లాగే ఉన్నాయి. ఆమె గోడకు ఆనుకుంది.

"ఏం జరిగిందో చెప్పండి," అంది.

"బాబాయి జీపు వచ్చింది. డ్రైవరు దిగినాడు. 'గురుస్వామిని భద్రంగా కర్నూలు తీసకపోవాలంట, దుర్గాంబమ్మ ముందు దోర్నాలకు పోతా ఉంది, అంకాలమ్మను వెంటనే తోలకరమ్మనింది' అన్నాడు. నువ్వే గదా బాబాయి కాడికి పోయింది? ఇద్దరూ మాట్లాడుకొని ఏర్పాటు చేసినారనుకున్నా."

"జీపులో ఇంకెవరన్నా ఉన్నారా?"

"వెనక ఇద్దరు కూర్చోనున్నారు. నేనెరగను. ఒకని చేతిలో మన పేపరుంది. పేపరు మనుషులేలే అనుకున్నా." భార్య మొహం చూస్తున్నకొద్దీ అతనికి ఒక్కొక్కటే అర్థమవుతోంది. "దుర్గా, నేనేమన్నా తప్పు చేసినానా?"

"ఆమె ఏమీ అడగలేదా? మీరు పొమ్మంటే పోయిందా?"

"ముందు ఎక్కలేదు. గడప దాటొద్దని చెప్పింది దుర్గమ్మ, దాటను అనింది. నన్ను ఒకటే అడిగింది. 'నిజంగా దుర్గమ్మే పిలిచిందా?' అని." అతను తల ఎత్తలేకపోయాడు. "పిలిచిందని నేనే చెప్పినా. ఇంక మారు మాట్లాడలా. నేను చెయ్యి పట్టి జీపు ఎక్కిస్తా ఉంటే, గురుస్వామి యాడ దాక్కున్నాడో దారి చెప్పుకుంటానే ఎక్కింది."